గుర్రం దిగమనండి ముందు

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. స్కూల్ మ్యాగజైన్‌కి కథ రాస్తున్నాడు. స్పెయిన్ వాళ్లు పెరూ మీద పడ్డ రోజుల్లో, కబుర్లు మోసే పని నేర్చుకుంటున్న ఒక ‘ఇన్‌కా’ (అప్పట్లో పెరూని ఏలిన సామ్రాజ్యం) కుర్రాడు గుర్రమెక్కి రాజుగారికి ఉత్తరం తీసుకెళ్తాడట. చరిత్ర ప్రకారం ఇది కుదురుతుందా అండీ?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: రాయనివ్వండమ్మా, కాకపోతే ఆ కుర్రాణ్ని ముందు గుర్రం దిగమనండి. స్పెయిన్ వాళ్లు తెచ్చేదాకా అక్కడ గుర్రాలే లేవు. ఉత్తరం కూడా తీసేయాలి, మనలా రాసుకునే లిపి వాళ్లకు లేదు.

ఈ కబుర్ల మనుషుల్ని చాస్కీలు అనేవాళ్లు. దారి పొడవునా వాళ్లకు చిన్న చిన్న గుడిసెలుండేవి. ఒకడు శంఖం ఊదుకుంటూ పరుగెత్తుకొస్తుంటే ఆ చప్పుడుకి తర్వాతి గుడిసెలోవాడు లేచి, పక్కనే పరుగెడుతూ చెప్పింది చెప్పినట్టు నోటికి పట్టేసి, లెక్కల కోసం ముడులు వేసిన కిపు దారాలుంటే అవీ అందుకుని, ఆగకుండా వెళ్లిపోయేవాడు. ఇలా మనుషులు మారుతూ కబురు రోజుకి 240 కిలోమీటర్ల దాకా వెళ్లేదంటారు. అంటే ఇక్కడ బయల్దేరి ఒక్క రోజులో విజయవాడ దరిదాపులకి, అదీ కొండల్లో, తాళ్ల వంతెనల మీద! కాబట్టి శిక్షణ అంటే ఒక్క కాళ్లకే అనుకోవద్దు, జ్ఞాపకశక్తికి కూడా పరీక్ష పెట్టమనండి. మధ్యలో ఒక్క మాట మర్చిపోతే ఏమవుతుందో మీ వాడే ఊహించుకుంటాడు.

ఇక స్పెయిన్ వాళ్ల సంగతి. 1532 నవంబర్ 16న పెరూలోని కహమార్కా ఊళ్లో స్పెయిన్ దండు నాయకుడు పిజారో 168 మందితో రాజు అతహువల్పాని పట్టేశాడు. గద్దె కోసం ఆ రాజుకీ సోదరుడికీ జరిగిన యుద్ధం అప్పుడే ముగిసింది, అంతకుముందే అంటురోగాలు దేశాన్ని ఊడ్చేశాయి. నాకైతే కథంతా ఆ తర్వాతే ఉందనిపిస్తుంది. ఎందుకంటే రాజు చెరలో ఉన్నా ఆయన మాట చెల్లుబాటవుతూనే ఉంది. నన్ను వదిలితే గదినిండా బంగారం ఇస్తానన్నాడు, కబురు వెళ్లింది, దేశం నలుమూలల నుంచి బంగారం వచ్చింది. ఓడిపోయిన సోదరుడు హువాస్కర్‌ని చంపేయమన్న ఆజ్ఞ కూడా ఆ చెరలోంచే వెళ్లిందంటారు. ఇంత చేసినా 1533లో ఆయన్నీ గొంతు బిగించి చంపేశారు.

మీ వాడి కుర్రాడికి అలాంటి ఓ మాట మోయాల్సి వస్తే? రాజాజ్ఞ, కాదనలేడు. తీరా చేరవేస్తే ఎవరి ప్రాణం పోతుందో తెలుసు. యుద్ధం సీన్ ఒక్కటీ లేకపోయినా చదివేవాళ్లకి టెన్షన్ గ్యారంటీ.

పేజీలు మిగిలితే ఇంకొకటి కూడా రాయమనండి: దేశం చేతికొచ్చాక స్పెయిన్ వాళ్లు తమ టపా కోసం ఈ చాస్కీలనే పరుగెత్తించారు.