పంటి నొప్పికి ఏ మాత్ర? బీపీ ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 52. కొన్నేళ్లుగా బీపీ మందులు వాడుతున్నాను. మూడు రోజులుగా కింది దవడ పన్ను సలుపుతోంది. రాత్రి పడుకోగానే పోటు ఎక్కువవుతోంది. ఏ నొప్పి మాత్ర వేసుకోవాలి? యాంటీబయాటిక్ కూడా వాడాలా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పన్ను లోపలి పల్ప్ (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) వాచినప్పుడు కనిపించేవే. ఇలాంటి నొప్పికి వాపు తగ్గించే ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది. వేరే జబ్బులేవీ లేని పెద్దవాళ్లకైతే భోజనం తర్వాత ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., దాంతోపాటే పారాసిటమాల్ 500 మి.గ్రా. సరిపోతుంది.

బీపీ ఉంది కాబట్టి మీకు ఆ సలహా ఇవ్వలేను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఒకే కోవ మందులు. ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెట్టి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందుకు తోడు మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా వాడుతున్నవాళ్లు ఈ నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ రెండూ కలిసిన బీపీ మాత్రలూ ఉంటాయి, అట్ట మీద పేర్లు చదవండి.

అందుకే ముందు పారాసిటమాల్ ఒక్కటే వాడండి. బరువు 50 కిలోలు దాటి, కాలేయ సమస్య, మద్యం అలవాటు లేకపోతే 500 మి.గ్రా. మాత్రలు రెండు వేసుకోవచ్చు. మళ్లీ ఆరు గంటలు ఆగాలి. రోజు మొత్తానికి ఆరు మాత్రలు దాటొద్దు. జలుబు మాత్రల్లోనూ ఇదే మందు ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే ఒకటి రెండు రోజులు ఐబుప్రొఫెన్ వాడొచ్చేమో మీ బీపీ డాక్టర్‌నే అడగండి.

పడుకుంటే తలలోకి రక్తప్రవాహం పెరిగి పోటు ఎక్కువవుతుంది. రెండు దిండ్లు పెట్టుకోండి. ఆస్పిరిన్‌ను చిగురు మీద పెట్టుకోవద్దు, పుండు పడుతుంది. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

యాంటీబయాటిక్ విషయానికొస్తే, పల్ప్ వాపు నొప్పిని అది తగ్గించదు. చీము పట్టి జ్వరం, ముఖం వాపు ఉంటేనే దాని అవసరం, అదీ డాక్టర్ రాస్తేనే. మాత్రతో నొప్పి పోయినా లోపలి పుచ్చు పోదు. రేపో ఎల్లుండో డెంటిస్టుకు చూపించండి, రూట్ కెనాలా, పన్ను తీయడమా అన్నది ఎక్స్‌రే చూసి చెబుతారు. ఈలోగా వాపు మెడకో కంటి కిందికో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.