పాత పద్దులు: దీపాల నూనెకీ పంచాంగానికీ ఏం సంబంధం?

ముప్పై ఒక్క సంవత్సరాలు లోకల్ ఫండ్ ఆడిట్‌లో చేశాను. ఎదుటివాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిచ్చారు. రిటైరయ్యాక ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇప్పుడు చనిపోయినవాళ్ళ లెక్కలు చూస్తున్నాను. వాళ్ళు ఎదురు సమాధానం చెప్పరు, అదొక్కటే సుఖం. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులివి.

అయ్యా, నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. శ్రీకాకుళం మున్సిపాలిటీ 1856లో పుట్టిందంటారు. పంతొమ్మిదో శతాబ్దపు మున్సిపల్ లెక్కల మీద ప్రాజెక్టు చెయ్యమని మా సార్ చెప్పారు. అంకెలు తప్ప ఏమీ కనిపించని పుస్తకాల్లో ఊరి జీవితం ఎలా వెతకాలి? చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

టెన్షన్ ఎందుకమ్మా. అంకెల వరసని చేత్తో మూసేసి, ముందు వివరం రాసిన వరస చదువు. మార్కెట్టు పాట (అంటే రుసుము వసూలు చేసుకునే హక్కుకి వేలం), బండ్ల స్టాండు పాట, కబేళా రుసుము, బందెలదొడ్డి జరిమానా, పెంట అమ్మకం. ఈ ఐదు మాటలతోనే ఊరు కళ్ళ ముందుకి వచ్చేస్తుంది. పెంట అమ్మకం చూసి ముక్కు మూసుకోకు. ఊరు ఊడ్చిన చెత్త, మరుగుదొడ్ల మలం పొలాలకి ఎరువుగా అమ్ముడుపోయేవి. అప్పటి మున్సిపాలిటీలకి అది జమ పద్దు. ఇప్పుడు ఆ చెత్తనే వదిలించుకోవడానికి లక్షలు ఖర్చు పెడుతున్నాం!

బందెలదొడ్డి మాట మీ వయసువాళ్ళు విని ఉండరు. ఊరి మీద పడి చేలు మేసిన పశువుని తోలుకెళ్ళి కట్టేసే దొడ్డి అది. 1871లో దీనికోసం ఏకంగా ఒక చట్టమే వచ్చింది. జరిమానా కట్టి విడిపించుకోవాలి, ఎవరూ రాకపోతే పశువుని వేలం వేసేస్తారు. ఏ నెలలో జరిమానాలు పెరిగాయో చూడు. పైరు చేలో ఉండే నెలలూ అవీ కలుస్తాయో లేదో చూసుకుంటే ఊరికీ చేనుకీ మధ్య దూరం ఎంతుండేదో నీకే తెలుస్తుంది.

ఇక నువ్వు పడబోయే గోతులు. మొదటిది పేరు. ఇంగ్లీషు రికార్డుల్లో మన ఊరు చికాకోల్, జిల్లా గంజాం. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఇదే సంగతి. శ్రీకాకుళం జిల్లా అని వెతికితే 1950కి ముందు కాగితం ముక్క కూడా దొరకదు. మద్రాసు ప్రభుత్వపు మున్సిపల్ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాల్సి వస్తుంది. వేసవిలో వెళ్ళకు.

రెండోది చట్టం. 1856 అంటే 1850 నాటి 26వ చట్టం నడుస్తున్న కాలం. ఊరివాళ్ళు తమంత తాము కావాలంటేనే మున్సిపాలిటీ. పన్ను వెయ్యండి బాబూ అని అర్జీ పెట్టుకునే ఊళ్ళు ఎన్నుంటాయి? అందుకే 1865లో పట్నాల అభివృద్ధి చట్టం తెచ్చారు. అభివృద్ధి అని పేరే గానీ, పోలీసు ఖర్చులో పెద్ద భాగం పట్నాల నెత్తినే పెట్టారు. ఆ సంవత్సరాల ఖర్చు చూసి ‘అబ్బో, ఈ ఊళ్ళో దొంగల బెడద ఎక్కువ’ అని రాసేవు సుమా. అది దొంగల లెక్క కాదు, సర్కారు తన బరువు దించుకున్న లెక్క. 1871 చట్టంతో ఆ బరువు తీసి బడులు, ఆసుపత్రులు, టీకాలు అప్పగించారు. ఆ తర్వాతి లెక్కల్లో టీకాలవాడి జీతం కోసం వెతుకు, నాకు మహా ఇష్టమైన పద్దు. సూది చూస్తే పారిపోయే ఊళ్ళో ఆ మనిషి ఎన్ని గడపలు తొక్కి ఉంటాడో!

మూడోది ఆడిట్‌వాళ్ళకి తప్ప ఎవరికీ తట్టదు. 1866 దాకా సర్కారు లెక్కల సంవత్సరం మే 1న మొదలై ఏప్రిల్ 30న ముగిసేది. 1867 నుంచి ఏప్రిల్ 1కి మార్చారు. అంటే 1866-67 సంవత్సరానికి పదకొండు నెలలే. ఆ ఏడాది వసూలు తగ్గిందని పేజీలకి పేజీలు కారణాలు రాసేముందు నెలలు లెక్కపెట్టుకో.

అయితే ఆ ఏడాది వసూళ్ళు నిజంగానే తగ్గి ఉన్నా ఆశ్చర్యం లేదు. 1866 కరువు గంజాం జిల్లాని పీల్చి పిప్పి చేసింది, శ్రీకాకుళం కూడా బాగా దెబ్బతింది. మళ్ళీ 1876లో వరద. నాగావళి వంతెన ఆర్చీలు కొన్ని కొట్టుకుపోయాయి. వంతెన లేకపోతే బండ్లు రావు, బండ్లు రాకపోతే మార్కెట్టు పాటదారుడు మునుగుతాడు. అందుకని ఆ సంవత్సరం మొత్తం జమ ఎంత అన్నది నాకక్కర్లేదు. పాటదారులు ముజరా కోసం, అంటే కట్టాల్సిన దాంట్లో తగ్గింపు కోసం, అర్జీ పెట్టుకున్నారా, బకాయిల్లో ఎంత వసూలు కాదని రద్దు చేశారు అన్నవి చూస్తాను. అలా రద్దు చేసిన ప్రతి కొట్టివేత పక్కన గుమస్తా కారణం రాసి తీరాలి. ‘ఇల్లు కూలిపోయినది’, ‘మనిషి ఊరు విడిచినాడు’, ‘వారసులు లేరు’ — ఇలా ఒక్కో ముక్క. పొగడ్త శాసనాల్లో దొరకని మనుషులు అక్కడ దొరుకుతారు.

దొరకనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరేటప్పటికీ కొన్నిచోట్ల బతికున్న పద్ధతి ఇది: జీతాల బిల్లులో గుమస్తాకి పేరుంటుంది, అందరికన్నా కింద పనిచేసేవాళ్ళకి పేరుండదు. తోటీలు ఇంతమంది, ఒక్కొక్కరికి ఇంత, వెరసి ఇంత. అంతే. మన ఉత్తరాంధ్ర పట్నాల్లో ఎక్కువగా రెల్లి కులంవాళ్ళు తరతరాలుగా ఊరి మలం మోశారు. దానికి అమ్ముడుపోయిన ధర జమలో అణా పైసలతో సహా ఉంటుంది. మోసిన మనిషి పేరు మాత్రం ఉండదు. ప్రాజెక్టులో ఈ ఒక్క పేజీ సరిగ్గా రాస్తే చాలు, మిగతా అంతా అరకొరగా ఉన్నా నేను నీకు ఫస్ట్ క్లాసు వేస్తాను. మీ సార్ సంగతి నాకు తెలియదు.

గురువుగారూ, మా ముత్తాతగారికి విజయనగరంలో కిరాణా కొట్టుండేది. ఆయన ట్రంకుపెట్టెలో దొరికిన ఒక చిట్టాలో ౫ అంకె, పక్కన ఒక నిలువు గీత, దాని తర్వాత మూడు అడ్డగీతలు ఉన్నాయి. ఎవర్ని అడిగినా చెప్పలేకపోతున్నారు. ఇదేమైనా రహస్య లిపా? — ఒక పాఠకుడు, విజయనగరం

రహస్యం ఏమీ లేదండీ, ఐదు రూపాయల ఏడణాలు.

తెలుగులో భిన్నాలకి విడిగా గుర్తులుండేవి. నిలువు గీతలు పావులకి, అడ్డగీతలు వీసాలకి. పావు అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు కాబట్టి నిలువు గీత ఒక పావలా, అడ్డగీత ఒక అణా. ఒక నిలువు, మూడు అడ్డం: నాలుగూ మూడూ ఏడు. పదహారణాల తెలుగు అని ఊరికే అన్నారా! మూడు నిలువు గీతలు దాటి నాలుగోది గీయాల్సి వస్తే అక్కడికి నిండు రూపాయే. కూడికలో ఎంత సులువో ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి.

మున్సిపల్ లెక్కల్లో మాత్రం మూడు వరసలు: రూ., అ., పై. అణాకి పన్నెండు పైలు. మొన్న ఒక కుర్రాడు 5-7-6 అన్నదాన్ని కంప్యూటర్‌లో 5.76 అని కొట్టేశాడు. అది మన లెక్కలో దాదాపు 5 రూపాయల 47 పైసలు. అలా వంద పద్దులు కొడితే ఊరు ఉన్నపళంగా ధనవంతమైపోతుంది.

ఇంకో మాట. విజయనగరానికి మున్సిపాలిటీ 1888లో వచ్చింది. అంతకు ముందు మీ ఊరి సంగతులు కావాలంటే రాజావారి దివాణం లెక్కలే దిక్కు. మీ ముత్తాతగారి చిట్టా తేదీ ఏదో చూడండి. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేస్తే వేశారు గానీ, దయచేసి లామినేషన్ చేయించకండి.

మాస్టారూ, మా పెద్దలు శ్రీకాకుళంలో సన్నబట్ట నేసేవారని మా ఇంట్లో చెప్పుకుంటారు. మున్సిపల్ పన్ను జాబితాలో వాళ్ళ పేర్లు దొరుకుతాయా? — పొందూరు నుంచి ఒక చేనేత కార్మికుడు

శ్రీకాకుళం మస్లిన్‌కి ఒకప్పుడు పెద్ద పేరు. 1901 జనాభా లెక్కల నాటికి ఊళ్ళో 18,196 మంది, నేత అప్పటికే క్షీణించింది.

మగ్గాల మీదా, దుకాణాల మీదా, చేతిపనుల మీదా సర్కారు మొహతర్ఫా అనే పన్ను వసూలు చేసేది. అది 1861లో రద్దయింది. అది మున్సిపాలిటీది కాదు, కలెక్టరు కచేరీది. కాబట్టి అంతకు ముందు తరం కోసమైతే రెవెన్యూ కాగితాలు చూడాలి. తర్వాత మున్సిపాలిటీ వేసిన వృత్తి పన్నులో మనుషుల్ని తరగతులుగా విడగొట్టేవారు. నాకు ఎదురైనంతవరకు అందులో నూలు అప్పిచ్చి బట్ట పట్టుకెళ్ళే షావుకారు కనిపిస్తాడు గానీ, మగ్గం గుంటలో కూర్చున్నవాడు కనిపించడు. మీవాళ్ళకి సొంత ఇల్లుంటే ఇంటి పన్ను జాబితాలో వెతకండి. వీధి పేరు తెలిస్తే సగం పని అయినట్టే, అది ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

మా తాతగారి తండ్రి పేరున ఇంటి పన్ను రసీదు ఉంది. దీన్ని కోర్టులో చూపిస్తే స్థలం మాదవుతుందా? — ఒక పాఠకుడు, బొబ్బిలి

అవదండీ. ఆయన పన్ను కట్టారని రుజువవుతుంది, స్థలం ఆయనదని కాదు. లాయర్ని కలవండి. రసీదు అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సు ఇవ్వండి.

ఆ రోజుల్లో మన పట్నాల్లో వీధి దీపాలుండేవా? ఎవరు వెలిగించేవారు? — ఒక గృహిణి, శ్రీకాకుళం

ఉండేవమ్మా, గాజు పెట్టెలో నూనె దీపాలు. కిరసనాయిలు అందుబాటులోకి వచ్చాక అదే పోసేవారు. సాయంత్రం ఒకడు నిచ్చెన భుజాన వేసుకుని, డబ్బా పట్టుకుని స్తంభం స్తంభానికీ తిరిగేవాడు. ముఖ్యమైన వీధులకే ఆ భాగ్యం.

వెన్నెల రాత్రుల్లో దీపాలు వెలిగించకపోవడం అప్పటి మున్సిపాలిటీల మామూలు. ఇక్కడే నాలాంటివాడికి పండగ. నూనె లెక్క ఒక చేత్తో, ఆ సంవత్సరపు పంచాంగం ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటే చాలు. శుక్లపక్షం చివరి రోజుల్లోనూ అమావాస్య నాడు అయినంత నూనే అయిందని రాసి ఉంటే, ఆ నూనె ఎవరి వంటింట్లో వెలిగిందో ఆలోచించుకోవాలి. చంద్రుడి మీద అబద్ధం రాయడం కష్టం.

నా సర్వీసులో పంచాంగం అక్కర్లేకుండానే ఒకటి దొరికింది. ఒక మున్సిపాలిటీలో స్తంభాలు లెక్కపెట్టాను, ఆ ఏడాది కొన్న బల్బులు లెక్కపెట్టాను. స్తంభానికి తొమ్మిది బల్బులు పడ్డాయి. అభ్యంతరం రాస్తే మూడు నెలలకి సమాధానం వచ్చింది: ‘కోతులు పగలగొట్టినవి’. కోతుల సంఖ్య తెలపవలసిందిగా మళ్ళీ రాశాను. నేను రిటైరయ్యేనాటికి ఆ పేరా ఇంకా పెండింగ్‌లోనే ఉంది.