నా క్లాస్ 1 మెడికల్‌లో క్రియాటినిన్ ఎందుకు పెరిగిందంటే

ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణలో చేరాలనుకుంటున్నాను, వచ్చే నెల క్లాస్ 2 మెడికల్ ఉంది, కళ్లద్దాలు వాడతాను, ఏం తిని ఏం చేసి వెళ్తే పాసవుతాను అని మీరు అడిగారు. ఆ "ఏం తిని, ఏం చేసి" దగ్గరే నాకు భయం వేసింది. ఆరేళ్ల కిందట నేనూ అలాగే ఆలోచించి, లేని జబ్బును కాగితం మీదికి తెచ్చుకున్నాను.

మాది తెనాలి. పైలట్ శిక్షణకు ముందు చేయించుకునే క్లాస్ 2 పరీక్ష హైదరాబాద్‌లో, డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న ఒక డాక్టర్ దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ఆ తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కు తప్పనిసరైన క్లాస్ 1 కోసం బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కు వెళ్లాల్సి వచ్చింది. తేదీకి రెండు నెలలు టైముంది. చూసేది ఎయిర్‌ఫోర్స్ డాక్టర్లు కదా, ఒళ్లు గట్టిగా కనిపించాలని జిమ్‌లో చేరాను. ట్రైనర్ చెప్పాడని రోజూ ప్రోటీన్ పొడి, క్రియాటిన్ పొడి తాగాను. బయల్దేరే రోజు పొద్దున కూడా గంటన్నర సేపు బరువులెత్తాను.

కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ 1.6 వచ్చింది, అంటే ఎక్కువ. మూత్రంలో ప్రోటీన్ కనిపించింది. 19 ఏళ్ల కుర్రాడికి ఈ అంకెలేమిటని డాక్టర్లు అనుమానించడం న్యాయమే. తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసి, కిడ్నీ డాక్టర్ అభిప్రాయం తెమ్మన్నారు. "తాత్కాలికంగా" అన్న మాట నా చెవికెక్కలేదు. ఫోన్‌లో నాన్నకు "అన్‌ఫిట్ అన్నారు" అని మాత్రమే చెప్పాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదని తర్వాత అక్క చెప్పింది.

గుంటూరులో కిడ్నీ డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "జిమ్‌కి వెళ్తావా?" అని. క్రియాటిన్ ఒంట్లో క్రియాటినిన్‌గా మారుతుంది, కాబట్టి ఆ పొడి తాగేవాళ్లకు కిడ్నీలు బాగానే ఉన్నా అంకె పెరగొచ్చని చెప్పారు. బాగా బరువులెత్తితే ఒకటి రెండు రోజులు మూత్రంలో ప్రోటీన్ పోవచ్చట, లివర్ కోసం రక్తంలో చూసే ఎస్‌జీఓటీ కూడా పెరగొచ్చట. ఆ పొడితో సంబంధం లేకుండా కిడ్నీల పనితీరు చూపించే సిస్టాటిన్ సి పరీక్ష చేయించారు. నార్మల్. పొడులు మానేశాక ఆరు వారాలకు క్రియాటినిన్ 1.0కి దిగింది. ఆ కాగితాలతో మళ్లీ వెళ్తే ఫిట్ ఇచ్చారు. కానీ నా బ్యాచ్ వాళ్లు అప్పటికే గ్రౌండ్ క్లాసుల్లో కూర్చున్నారు.

అందుకని ఈ నెల రోజులూ మీ ఇంటి అన్నమే తినండి. రోజూ ఓ అరగంట నడవండి, సరిపోతుంది. జిమ్ పొడులు, బలానికని అమ్మే లేహ్యాలు ఇవాళే ఆపేయండి. చివరి మూడు రోజులు బరువులెత్తొద్దు, పరుగు పందేలు వద్దు. డాక్టర్ రాసిచ్చిన మందులు వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు మానొద్దు. చీటీతో సహా పట్టుకెళ్లి చూపించండి.

కళ్లద్దాల గురించి మీకున్న భయంలో సగం అనవసరం. అద్దాలతో చూపు సరిపోవాలన్నదే ముఖ్యం. క్లాస్ 1కి అంతర్జాతీయ ప్రమాణం, అద్దాలు పెట్టుకున్నాక ఒక్కో కంటికి కనీసం 6/9, రెండు కళ్లతో కలిపి 6/6. పాత అద్దాలతో వెళ్లకుండా ఇప్పుడే పవర్ చూపించుకుని కొత్తవి చేయించుకోండి. వీలైతే అదే పవర్‌తో రెండు జతలు చేయించుకోండి, ఎగిరేటప్పుడు అదనపు జత ఎలాగూ ఉండాల్సిందే. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు తీసేయాలో కంటి డాక్టర్‌ను అడగండి. అద్దాలు పోవడానికి లేసిక్ (కంటికి లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే మేలని ఎవరైనా అంటే తొందరపడొద్దు. దానికి వేరే నిబంధనలున్నాయి, ముందు మెడికల్ చేసే డాక్టర్‌నే అడగండి.

రంగుల పరీక్షకు ప్రిపరేషన్ అంటూ లేదు. చుక్కల మధ్య అంకె కనిపెట్టే ఇషిహారా ప్లేట్లు ఇస్తారు. వాటిని నెట్‌లో చూసి బట్టీ పట్టేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రన్‌వే పక్కనుండే పాపీ లైట్లు ఎరుపా తెలుపా అన్నదాన్ని బట్టే కిందికి దిగిపోతున్నామో, ఎత్తులో ఉన్నామో తెలుస్తుంది. రాత్రి ఎదురుగా వచ్చే విమానం ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ దీపం ఉంటుంది. ఆ తేడా కంటికి తెలియకపోతే మీ ప్రాణం, వెనక కూర్చున్నవాళ్ల ప్రాణం ప్రమాదంలో పడతాయి. కాబట్టి ముందే ఒక కంటి డాక్టర్ దగ్గర నిజాయితీగా పరీక్ష చేయించుకోండి.

ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదమంటారు, కర్ణభేరి కదులుతుందా అని చూస్తారు. జలుబు చేసి ఉంటే అది కదలకపోవచ్చు, కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి తేదీ మార్చుకోండి. చెవిలో గులిమి ఉంటే వారం ముందే ఈఎన్‌టీ డాక్టర్‌తో తీయించుకోండి, పిన్నీసు పెట్టొద్దు. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) ముందురోజు డీజే ఉన్న పెళ్లికి వెళ్లకండి.

బీపీకి చాలామంది టెన్షన్ పడతారు. నేను రాత్రంతా బస్సులో కూర్చుని, దిగగానే రెండు కాఫీలు తాగి వెళ్లాను. 146/94 వచ్చింది. కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూస్తే 128/80. మీరు ఒకరోజు ముందే చేరుకుని, నిద్రపోయి, కాఫీ లేకుండా వెళ్లండి. రక్తపరీక్ష ఎలాగూ పరగడుపునే.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ఫారంలో పాత జబ్బులు, ఆపరేషన్లు అడుగుతారు. నాకు పదో తరగతిలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. "ఎందుకొచ్చిన గొడవ, రాయకు" అన్నారు మా బావగారు. బట్టలిప్పి చూసే పరీక్షలో పొట్ట మీది కుట్లు కనపడవా? రాశాను, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ ఇచ్చాను, రెండు ప్రశ్నలతో అయిపోయింది. చిన్నప్పుడు ఫిట్స్, ఉబ్బసం, తలకు దెబ్బ లాంటివి ఉంటే మరీ ముఖ్యం. ఇప్పుడు దాచి తర్వాత బయటపడితే లైసెన్స్‌కే ముప్పు. పైగా క్లాస్ 1 ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించుకోవాల్సిందే.

పేరు కూడా చూసుకోండి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. డీజీసీఏ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ఖాతా తెరిచే ముందే టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నిటిలో ఒకేలా ఉందో లేదో చూడండి.

నేను వెళ్లిన ఒక ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు మెడికల్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫీజు కట్టమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. అన్‌ఫిట్ అని తిరిగొచ్చిన ఆ ఆరు వారాల్లో మా ఇంటిని నిలబెట్టింది ఆ నిర్ణయమే. క్లాస్ 2 సరిపోదు, క్లాస్ 1 కూడా అయ్యి, ఫిట్ అని డీజీసీఏ ఇచ్చే కాగితం (అసెస్‌మెంట్) చేతికొచ్చేదాకా మీ నాన్నగారి చేత పొలం మీద గానీ ఇంటి మీద గానీ లోన్ పెట్టించకండి.

క్లాస్ 1కి వెళ్లేటప్పుడు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు కనపడవు, ఎండకు కళ్లు తెరవలేరు. నేను ఒక్కడినే వెళ్లి, ఆటో అతనికి అడ్రస్ చదివి చెప్పలేక గేటు దగ్గర నిలబడిపోయాను. మీ పవర్ ఎంతో, పాత ఆపరేషన్లేమైనా ఉన్నాయో కింద రాయండి, నాకు తెలిసినంత చెప్తాను.