అక్టోబరు 1962 గురించి రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను. 1945 యాల్టా సమావేశం నుంచి 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయేదాకా ప్రచ్ఛన్న యుద్ధం మొత్తాన్నీ పన్నెండు పేజీల్లో చెప్పేయాలని చూశావు. కొరియాకో పేరా, బెర్లిన్ గోడకో పేరా, వియత్నాంకో పేరా, అఫ్ఘానిస్తాన్‌కో పేరా. తారీఖులు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. కానీ "పెట్టుబడిదారీ శిబిరం భావించింది", "సోషలిస్టు శిబిరం తీర్మానించింది" అనే వాక్యాలే పేజీల నిండా ఉన్నాయి. శిబిరానికి బుర్ర ఉండదు. భావించేదీ, పొరబడేదీ, సంతకం పెట్టేదీ మనుషులు. వాళ్లు కనపడనంతసేపు చదివేవాళ్లకి ఇది పోటీపరీక్షల నోట్సులాగే ఉంటుంది.

అందుకని మిగతావన్నీ పక్కనపెట్టి క్యూబా క్షిపణుల సంక్షోభం ఒక్కటే రాయమంటాను. సోవియట్ యూనియన్ గుట్టుగా క్యూబాలో పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన ఘట్టం అది. 1962 అక్టోబరు 16 నుంచి 28 దాకా, 13 రోజులు. దాన్నే ఎందుకంటే, రెండువైపుల నుంచీ ఇంత సరంజామా దొరికే ఘటనలు తక్కువ. అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన సమావేశాలను అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియకుండా టేపు చేయించాడు, ఆ టేపులు తర్వాత బయటికొచ్చాయి. 1991 తర్వాత మాస్కో దస్తావేజులూ కొన్ని బయటపడ్డాయి. 1989లో మాస్కోలో, 1992లో హవానాలో అప్పటి అధికారులే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. అంటే ఫలానా రోజు ఫలానా గంటకి ఇటువాళ్లు ఏమనుకుంటున్నారో, అదే గంటకి అటువైపు నిజంగా ఏముందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆ రెంటికీ ఉన్న తేడాలోనే నీ వ్యాసం ఉంది.

రాయడానికి ముందు ఒక పట్టిక గీసుకో. మొదటి గడిలో సమయం. రెండో దాంట్లో వాషింగ్టన్‌కి తెలిసినది, మూడో దాంట్లో మాస్కోకి తెలిసినది, నాలుగో దాంట్లో క్యూబాలోనూ సముద్రంలోనూ నిజంగా జరుగుతున్నది. సమయం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. క్షిపణుల సంగతి బయటపెట్టి, క్యూబా చుట్టూ సముద్ర కట్టడి ప్రకటిస్తూ కెనెడీ టీవీలో మాట్లాడింది అక్టోబరు 22 సాయంత్రం 7 గంటలకు. అప్పటికి మాస్కోలో అర్ధరాత్రి దాటి 2 గంటలు, తారీఖు 23. మన దగ్గర అదే 23 తెల్లవారుజామున నాలుగున్నర. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ ఏడాది అక్టోబరు 28 ఆదివారం తెల్లవారుజామున వాషింగ్టన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అప్పటిదాకా మాస్కోతో 7 గంటలున్న తేడా ఆ రోజు నుంచి 8 అయింది. క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నామని మాస్కో రేడియో సాయంత్రం 5 గంటలకు చదివినప్పుడు వాషింగ్టన్‌లో ఉదయం 9. ఇది చూసుకోకపోతే ఆఖరి రోజు లెక్కంతా గంట జరిగిపోతుంది.

ఇక గడులు నింపడం. యూ-2 గూఢచారి విమానంలో మేజర్ హైజర్ క్యూబాలోని సాన్ క్రిస్టోబాల్ మీద ఫొటోలు తీసింది 14న. నిపుణులు వాటిలో క్షిపణుల్ని గుర్తుపట్టింది 15న. జాతీయ భద్రతా సలహాదారు బండీ వెళ్లి కెనెడీకి చెప్పింది 16 ఉదయం. నువ్వు మూడింటినీ కలిపి "14న అమెరికా కనిపెట్టింది" అన్నావు. ఆ రెండు రోజులు అమెరికాలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అనేది అప్పుడు కనపడకుండా పోతుంది.

మాస్కో గడి కూడా ఒక్కటే అనుకోకు. వాషింగ్టన్‌లో ఉన్న సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌కి క్షిపణుల సంగతి అతని ప్రభుత్వమే చెప్పలేదు. విదేశాంగ మంత్రి గ్రొమికోకి తెలుసు. 18న అతను వైట్‌హౌస్‌కి వచ్చి, క్యూబాకి ఇస్తున్న సాయం ఆత్మరక్షణ కోసమేనని కెనెడీ ముఖం మీదే చెప్పాడు. ఫొటోలు అప్పటికే కెనెడీ దగ్గరున్నాయి. ఆయన బయటపెట్టలేదు. ఈ ఒక్క సమావేశానికే నువ్వు ఒక పేజీ ఇవ్వొచ్చు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఇద్దరి దగ్గరా దాచినది ఉంది, ఎదుటివాడి దగ్గర ఏముందో గ్రొమికోకి తెలియదు.

నాలుగో గడి నింపేటప్పుడు అంకెలు జాగ్రత్త. క్యూబాలో సోవియట్ సైనికులు పదివేల చుట్టుపక్కల ఉంటారని అమెరికా అంచనా. నిజానికి ఉన్నది 40 వేల పైచిలుకు. వాళ్లని తరలించిన పథకానికి "అనాదిర్" అని పేరు. అది రష్యా ఈశాన్య కొసన, మంచుప్రాంతంలో పారే నది. ఎవరైనా ఆరా తీస్తే ఉత్తరాదికి పోతున్నారనుకోవాలని సైనికులకు చలిబట్టలు, మంచు మీద జారే స్కీలు కూడా ఇచ్చి ఎక్కించారు. ఆర్-12 క్షిపణులు 42 చేరాయి. ఒక్కోటీ రెండువేల కిలోమీటర్ల దూరం వెళ్లగలదు, అంటే వాషింగ్టన్ దాని పరిధిలోదే. వాటి అణు వార్‌హెడ్లు, అంటే క్షిపణి కొసన అమర్చే బాంబులు, హవానాకి దక్షిణంగా బెహుకాల్ దగ్గర దాచారు. అమెరికా వాటి ఆచూకీ పట్టలేకపోయింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. క్యూబా మీద దండెత్తితే తీరం మీదే వాడటానికి చిన్న శ్రేణి అణ్వాయుధాలు దాదాపు వంద అక్కడున్నాయి. లూనా రాకెట్లు, క్రూయిజ్ క్షిపణులు. విమానదాడి చేసి, వెనకే సైన్యాన్ని దించుదామని కెనెడీకి సలహా ఇస్తున్న సేనాధిపతులకు ఈ సంగతి తెలియదు. 1992 జనవరిలో హవానా సదస్సులో సోవియట్ జనరల్ గ్రిబ్‌కోవ్ చెప్పినప్పుడు, 1962లో రక్షణమంత్రిగా ఉన్న మెక్‌నమారా ఆ గదిలోనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసినదాన్ని 1962లో వాళ్ల తలల్లోకి ఎక్కించకు. "తర్వాత తేలింది" అని రాసిన ప్రతిచోటా ఎప్పుడు, ఎవరి నోట తేలిందో అదే వాక్యంలో చెప్పు. లేదంటే నీ పాఠకుడు వాళ్లందరినీ మూర్ఖులనుకుంటాడు, అది వాళ్లకి అన్యాయం.

24వ తేదీన సముద్రం మీద రెండు దేశాల ఓడలు ఢీకొనేంత దగ్గరికి వచ్చి ఆగాయని రాశావు. ఈ ఘట్టం చాలా పుస్తకాల్లో ఉంది, నమ్మదగినది కాదు. క్షిపణులు మోసుకొస్తున్న కిమోవ్‌స్క్ లాంటి ఓడలకు వెనక్కి తిరగమని అంతకుముందు రోజే ఆదేశం అందింది. 24 ఉదయానికి అది అమెరికా నౌకల గస్తీ రేఖకి వందల మైళ్ల దూరంలో ఉంది. వాషింగ్టన్‌కి ఆ కబురు ఆలస్యంగా అందింది కాబట్టి వాళ్లకి అది నిజంగా ఊపిరి బిగబట్టిన ఘడియే. ఆ భయాన్ని రెండో గడిలో రాయి, ఖాళీ సముద్రాన్ని నాలుగో గడిలో రాయి.

27 శనివారానికి ఎక్కువ చోటు ఉంచుకో. ఆ రోజు క్యూబా మీద మేజర్ ఆండర్సన్ యూ-2ని ఎస్-75 అనే విమాన విధ్వంసక క్షిపణితో కూల్చారు, అతను చనిపోయాడు. కూల్చమన్న ఆజ్ఞ క్యూబాలో ఉన్న సోవియట్ జనరల్స్‌ది, మాస్కోది కాదు. వాషింగ్టన్ దాన్ని సోవియట్ అధినేత కృశ్చేవ్ నిర్ణయం అనుకుంది. అదే రోజు ఉత్తరధ్రువం వైపు వెళ్లిన ఇంకో యూ-2 పైలట్ మాల్ట్స్‌బీ, ధ్రువకాంతి అడ్డొచ్చి నక్షత్రాలు సరిగా కనపడక దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లాడు. సోవియట్ మిగ్‌లు వెంటపడ్డాయి. అతన్ని కాపాడటానికి అలాస్కా నుంచి లేచిన అమెరికా ఫైటర్ విమానాలు అణు క్షిపణులు మోస్తున్నాయి. ఈ రెంటినీ పైనున్న నాయకులెవరూ కోరుకోలేదు. సిద్ధాంతాల సంఘర్షణ అని నువ్వు రాసిన చోట ఇవి రాయి.

అదే రోజు సముద్రం అడుగున బి-59 జలాంతర్గామి ఉంది. ఇది రాయాలంటే నువ్వు విశాఖపట్నం వెళ్లాలి. ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా, బి-59 ఒకే తరగతి జలాంతర్గాములు, నాటో వాళ్లు ఫాక్స్‌ట్రాట్ అనే రకం. కుర్సురా 1969లో మన నౌకాదళంలో చేరింది, కొద్దిగా మార్చి కట్టిచ్చిన రకం కాబట్టి ప్రతి మీటా అచ్చు అలాగే ఉంటుందని రాయకు. పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మొత్తం 22 టార్పెడోలు పడతాయి, బి-59లో వాటిలో ఒకటి అణు టార్పెడో. లోపలికి దిగి, గుండ్రటి ద్వారాల్లోంచి ఒంగి ఒక్కో గది దాటుతూ, పడకల మధ్య సందు ఎంతుందో చూసుకో. అందులో డెబ్భై మందికి పైగా మనుషుల్ని పెట్టి చూడు. అది ఉత్తర సముద్రాల చలికోసం కట్టిన నావ, అట్లాంటిక్ వేడినీళ్లలోకి పంపారు. నీళ్లకింద ఉన్నంతసేపూ బ్యాటరీల మీదే నడవాలి. డీజిల్ ఇంజన్లు వేసి చార్జి చేసుకోవాలంటే గాలి అందేంత పైకి రావాలి, రేడియో వినాలన్నా పైకి రావాలి. పైన అమెరికా డిస్ట్రాయర్లు తిరుగుతున్నాయి కాబట్టి రాలేకపోయారు. బ్యాటరీ తరిగిపోతోంది, లోపల వేడి 45 డిగ్రీలు దాటింది, మాస్కో నుంచి కబురు లేదు. పైకి రమ్మని సంకేతంగా అమెరికా వాళ్లు చిన్న పేలుడు గుళ్లు వదిలారు. ఆ సంకేతాల అర్థమేమిటో మాస్కోకి ముందే తెలియజేశారు. అది జలాంతర్గాములకు చేరలేదు. లోపలున్నవాళ్లకి అవి బాంబులే.

కెప్టెన్ సావిత్‌స్కీ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడనీ, బ్రిగేడ్ స్టాఫ్ అధిపతి అర్ఖిపోవ్ ఆపాడనీ అందులో పనిచేసిన ఒర్లోవ్ తర్వాత చెప్పాడు. దీన్ని ముగ్గురు అధికారులు ఓటు వేసినట్టూ, ఒక్క ఓటుతో ప్రపంచం బతికినట్టూ నువ్వు రాశావు. అంత నిక్కచ్చిగా చెప్పే వీలు లేదు. అర్ఖిపోవ్ స్వయంగా చెప్పినదాని ప్రకారం, ప్రమాద ఘడియ నావ పైకి తేలాక, విమానాలు తల మీదుగా కాల్పులు జరిపినప్పుడు వచ్చింది. మిగతా నావికుల జ్ఞాపకాలు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. బి-59 ఆ రాత్రి పైకి తేలిందనీ, టార్పెడో వదలలేదనీ మాత్రం ఖాయం. ఖాయమైనది నీ గొంతుతో చెప్పు, మిగతాది చెప్పినవాళ్ల పేరుతో చెప్పు. బలం తగ్గుతుందని భయపడకు. ఎవరి మాట నిజమో తేలని చోట పాఠకుడు ఇంకా దగ్గరికి జరిగి చదువుతాడు.

చిన్న దిద్దుబాటు: కెనెడీ ఎర్ర టెలిఫోను ఎత్తాడని రాసిన వాక్యం తీసెయ్. 1962లో అలాంటి లైనే లేదు. కృశ్చేవ్ 26న పంపిన ఉత్తరం మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి వాషింగ్టన్‌కి పూర్తిగా చేరేసరికి గంటలు పట్టింది. హాట్‌లైన్ ఒప్పందం 1963 జూన్‌లో కుదిరింది, అదీ టెలిప్రింటర్, మాట్లాడే ఫోను కాదు.

టర్కీలో అమెరికా పెట్టిన 15 జూపిటర్ అణు క్షిపణుల సంగతి నువ్వు వదిలేశావు. 27 సాయంత్రం అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ దొబ్రీనిన్‌ని పిలిపించి, కొన్ని నెలల్లో వాటిని తీసేస్తామనీ, బయటికి మాత్రం చెప్పకూడదనీ అన్నాడు. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు. రాబర్ట్ కెనెడీ రాతల్ని పుస్తకంగా సిద్ధం చేసిన, అధ్యక్షుడి సలహాదారు సోరెన్‌సెన్, ఈ బేరాన్ని అందులోంచి తనే తీసేశానని 1989లో మాస్కోలో ఒప్పుకున్నాడు. పాతికేళ్లకు పైగా ప్రపంచం ఒకవైపే తలవంచిందని చదువుకుంది. పాత వ్యాసాలు ఆధారంగా తీసుకునేటప్పుడు అవి 1989కి ముందువో తర్వాతవో చూసుకో.

మన దేశం ఇందులోకి సహజంగానే వస్తుంది, లాక్కురానక్కర్లేదు. చైనా మన మీద పెద్దఎత్తున దాడి చేసింది అక్టోబరు 20న. ఢిల్లీలో అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్, తన ప్రభుత్వం మొత్తం క్యూబాలో మునిగి ఉండగా చాలావరకు సొంత నిర్ణయాలతో నెట్టుకొచ్చాడు. 25న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయం చైనా వైపు మొగ్గింది, ఎందుకంటే ఆ వారం కృశ్చేవ్‌కి బీజింగ్ మద్దతు కావాలి. క్యూబా గండం గట్టెక్కాక, నవంబరు మొదట్లో మళ్లీ మధ్యస్థంగా మాట్లాడింది. క్యూబా విషయంలో కృశ్చేవ్ మొదట దుస్సాహసం చేశాడనీ, తర్వాత లొంగిపోయాడనీ చైనా దుమ్మెత్తిపోసింది. మన కమ్యూనిస్టు పార్టీ 1964లో చీలిపోవడానికి వెనక సోవియట్, చైనా పార్టీల తగవూ, సరిహద్దు యుద్ధమూ ఉన్నాయి. ఆ జులైలో తెనాలి సదస్సు జరిగింది. సుందరయ్య ఒక పార్టీకి, చండ్ర రాజేశ్వరరావు ఇంకో పార్టీకి ప్రధాన కార్యదర్శులయ్యారు. అయితే క్యూబా వల్లే చీలిందని రాయకు, దేశంలోపలి కారణాలు అంతకన్నా పాతవి.

నీ పాఠకుల్లో "సోవియట్ భూమి" పత్రిక కాగితాల్ని అట్టలుగా పుస్తకాలకు వేసుకున్న ఇళ్లవాళ్లుంటారు, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డవాళ్లూ ఉంటారు. నువ్వెటువైపో వెతుకుతారు. దానికి భయపడి చెరోవైపు సమానంగా తిట్లు పంచకు. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి అమెరికా చేయించింది, క్యూబా భయానికి కారణం ఉంది. క్షిపణుల గురించి సోవియట్ ప్రభుత్వం అబద్ధం చెప్పింది. రెండూ తారీఖులతో రాయి. ఇద్దరు పెద్దల మధ్య క్యూబాని మరిచిపోకు. తన దేశంలోని క్షిపణులు వెనక్కి పోతున్నాయని కాస్ట్రోకి ముందుగా ఎవరూ చెప్పలేదు, వార్తల్లో తెలిసింది.

పట్టికని 28తో ఆపకుండా నవంబరు దాకా పొడిగించు. కాస్ట్రో తనిఖీలకు ఒప్పుకోలేదు. అందుకే సోవియట్ ఓడల డెక్కుల మీద క్షిపణుల మీది కప్పులు తీసి చూపిస్తే అమెరికా విమానాలు పైనుంచి లెక్కపెట్టుకున్నాయి. కాస్ట్రోని ఒప్పించడానికి సోవియట్ ఉపప్రధాని మికోయన్ నవంబరు 2న హవానా చేరాడు. మర్నాడే మాస్కోలో భార్య చనిపోయింది. కొడుకుని పంపి, తను అక్కడే ఉండి చర్చలు సాగించాడు. నవంబరు 20న కెనెడీ సముద్ర కట్టడి ఎత్తేశాడు. 21న చైనా మనతో కాల్పుల విరమణ ప్రకటించింది. ఆ చిన్న శ్రేణి అణ్వాయుధాలు కూడా వెనక్కి పోతాయని 22న మికోయన్ కాస్ట్రోకి చెప్పాడు.

ముందు పట్టిక పంపు. వ్యాసం అప్పుడే మొదలుపెట్టకు. 27వ తేదీకి నాలుగు గడులూ నిండాయో లేదో చూసి, ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య