పిల్లాడి చదువు డబ్బుతో 1799 సెంటు కొనొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఈమధ్య పాత అమెరికన్ రాగి నాణేల మీద ఆసక్తి పెరిగింది. ఆన్‌లైన్‌లో ఒకాయన 1799 నాటి లార్జ్ సెంటును (అప్పటి పెద్ద సైజు ఒక సెంటు రాగి నాణెం) 4,000 డాలర్లకు ఇస్తానంటున్నాడు. స్లాబ్‌లో, అంటే నిపుణులు పరీక్షించి గ్రేడు (స్థితిని తెలిపే అంకె) వేసి మూసిన ప్లాస్టిక్ పెట్టెలో లేదు, విడి నాణెం. మా అబ్బాయి చదువు కోసం పన్ను రాయితీతో దాచే 529 ఖాతాలోంచి తీసి కొంటే పదేళ్లలో మంచి లాభం వస్తుందనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: ముందుగా, ఆ ఖాతా జోలికి వెళ్లకండి. చదువుకి కాక వేరే అవసరానికి తీస్తే, తీసిన దాంట్లో లాభం వాటా మీద ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ కట్టాలి. నాణెం చేతికి రాకముందే నష్టం మొదలవుతుంది.

ఇక నాణెం సంగతి. 1793 నుంచి 1857 దాకా ముద్రించిన లార్జ్ సెంట్లలో 1799 దొరకడం చాలా కష్టం. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. 1798 సెంటులో చివరి 8ని చెక్కి 9గా మార్చినవి ఎప్పటినుంచో చలామణిలో ఉన్నాయి. పట్టుకునే మార్గం ఉంది. అప్పట్లో డైలను (నాణెం మీద బొమ్మ ముద్రించే అచ్చులను) చేత్తో తయారుచేసేవారు కాబట్టి అక్షరాలు, అంకెలు ఉండే చోటు ఒక్కో డైలో ఒక్కోలా ఉంటుంది. ఇలా ఏ డైలతో కొట్టారో బట్టి వేరుచేసే రకాలనే వెరైటీలంటారు. 1799కి తెలిసిన వెరైటీలు రెండే: షెల్డన్ అనే ఆయన ఇచ్చిన నంబర్లలో 188, 189. వీటిలో 188లో 9 కింద 8 ఆనవాలు అసలు నాణెంలోనే ఉంటుంది. కాబట్టి 8 కనిపించిందని నకిలీ అనేయలేం, కనిపించలేదని అసలు అనీ నమ్మలేం. సంవత్సరం అంకెలే కాదు, బొమ్మవైపు మొత్తాన్నీ ఆ రెండు డైల ఫొటోలతో పోల్చాలి. అమ్మే ఆయన్ని 'ఇది ఏ వెరైటీ?' అని అడగండి. జవాబు చెప్పలేకపోతే వదిలేయండి. చెప్పినా, నాణేలకు గ్రేడు వేసే సంస్థలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ పరీక్షించి స్లాబ్‌లో పెట్టేదాకా డబ్బు ఇవ్వకండి.

అసలుదే అని తేలినా విలువ వేరే లెక్క. రాగికి తేమ పడదు. పచ్చటి చిలుము, గుంటలు, గీతలు ధరను దారుణంగా తగ్గిస్తాయి. 1799 సెంట్లు చాలావరకు అరిగిపోయి, గరుకుగానే దొరుకుతాయి. రాగి నాణేలు సేకరించే అనుభవజ్ఞులు ముందు బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో చూసి, తర్వాత లోపాలకు తగ్గట్టు గ్రేడు తగ్గిస్తారు. వాళ్ల లెక్క స్లాబ్ మీది అంకె కంటే తక్కువగా రావడం మామూలే. తోమి మెరిపించిన నాణేన్నైతే అస్సలు కొనొద్దు, మీ దగ్గరున్నవాటినీ తోమొద్దు.

లాభం విషయానికొస్తే, వేలంలో 4,000కి పాట ఆగిందనుకోండి. కొనేవారి ప్రీమియం (పాట ధర మీద వేలం సంస్థ అదనంగా తీసుకునేది) 20 శాతమైతే మీరు కట్టేది 4,800. పదేళ్ల తర్వాత మళ్లీ 4,000కే పాట ఆగి, అమ్మకపు కమీషన్ 10 శాతం పోతే చేతికొచ్చేది 3,600. ధర కదలకపోయినా 1,200 పోయాయి. ఈలోపు వడ్డీ లేదు, డివిడెండ్ లేదు. ఏడాది దాటాక లాభానికి అమ్మితే, సేకరణ వస్తువు కాబట్టి ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్లకు మీలాంటి చాలామంది కట్టేది 15 శాతమే. సరదాకి కొన్నదాని మీద నష్టమొస్తే పన్నులో తగ్గించుకోవడానికీ వీల్లేదు.

అంతమాత్రాన ఈ సరదా మానుకోమని అనను. ఇది చరిత్రను చేత్తో పట్టుకునే అవకాశం, మనసుపెట్టి నేర్చుకోదగ్గ విద్య. అత్యవసర నిధి, 401కె (ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్‌కి దాచేది), అబ్బాయి 529 అన్నీ పోను నెలకి వంద డాలర్లు మిగిలితే వాటితో మొదలుపెట్టండి. 1850ల నాటి సెంట్లు తక్కువ ధరకే దొరుకుతాయి, గ్రేడింగ్ నేర్చుకోవడానికి అవే చాలు. తర్వాత న్యూజెర్సీ రాగి నాణేలు చూడండి. గుర్రపు తల, నాగలి ఉన్న ఆ నాణేలు 1786 నుంచి 1788 దాకా వచ్చాయి. కొన్నింటిని మీకు దగ్గర్లోని రాహ్వేలోనే కొట్టారు. ఖరీదైనది కొన్న రోజునే ఇంటి ఇన్సూరెన్స్ చూసుకోండి, నాణేలకు పరిహారం 200 డాలర్లకే పరిమితం చేసే పాలసీలు చాలా ఉన్నాయి. బిల్లు, ఫొటోలు, వెరైటీ నంబరు ఒక ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి చెప్పండి.