నీ అంగారకుడి చానల్ గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. అంగారకుడి మీద కాలనీ, అక్కడో 24 గంటల న్యూస్ చానల్, రాత్రి షిఫ్టులో ఒంటరి యాంకర్. ఆ అమ్మాయి నాకు బాగా నచ్చింది. కానీ ఐదు చోట్ల తెర మీదికొచ్చి, కథకు కావాల్సిన సమాచారం చదివేసి వెళ్లిపోతుంది. ఓడ పేలిందట, గవర్నర్ దిగిపోయాడట. ఆమె వెనకాల న్యూస్‌రూమ్ ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయావు.

నేను చాలా ఏళ్లు డెస్క్‌లో పనిచేశాను. ఒక రాత్రి పెద్ద ప్రమాదం. మృతుల సంఖ్య స్క్రోలింగ్‌లో ముందు ఏడు వేశాం, కాసేపటికి పదకొండు, తెల్లారుజామున తొమ్మిదికి దించాం. అంకె దిద్దుతున్న కుర్రాడు కీబోర్డు మీంచి చేతులు తీసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఇద్దరెవరో మాకెవరికీ తెలియదు. వార్త అంటే నాకు ఇప్పటికీ ఆ ఊపిరే గుర్తొస్తుంది. నీ కథలో అలాంటి మనిషి ఒక్కడైనా కావాలి.

ఇక లైవ్ సంగతి. మీ యాంకర్ భూమ్మీద రిపోర్టర్‌ని అడగ్గానే అతను జవాబు చెప్పేస్తాడు. చంద్రుడి నుంచైతే ఎలాగో సరిపెట్టుకోవచ్చు, సిగ్నల్ 1.3 సెకన్లలో చేరుతుంది. అంగారకుడికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. అంటే ప్రశ్న వేసి జవాబు వినడానికి ఒక్కోసారి ముప్పావు గంట దాకా పడుతుంది. బాంబులు పడుతున్న చోట నిలబడ్డ రిపోర్టర్ తెర మీద మాట్లాడుతూనే ఉంటాడు, అసలు ప్రాణాలతో ఉన్నాడో లేదో ఆమెకు తెలియదు. ఈ సీను వదిలేసుకున్నావే అని బాధేసింది!

అక్కడి రోజు 24 గంటల 39 నిమిషాల పైన. ఆ 39 నిమిషాల్లో ఏం వేస్తారో ఆలోచించు. చిన్న విషయమే.

పెద్దది ఇంకోటి ఉంది. దాదాపు 26 నెలలకోసారి భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డొస్తాడు. అప్పుడు నాసా అంగారకుడి మీది తన వాహనాలకు రెండు వారాల పాటు ఆదేశాలు పంపడం ఆపేస్తుంది. నీ కాలనీకి కూడా ఆ రెండు వారాలు భూమి కబురు ఉండదనుకో. చానల్ మాత్రం ఆగకూడదు. ఏదో ఒకటి చూపించాలి, ఏం చూపించాలో యజమాని చెబుతాడు. ఆ యజమానే కాలనీకి గాలి అమ్మేవాడైతే, ఆక్సిజన్ ప్లాంట్‌లో లీకేజీ వార్త రన్‌డౌన్‌లో, అంటే బులెటిన్‌లో వార్తల వరుస రాసుకునే జాబితాలో, ఎన్నో నంబరుకు పోతుంది? అసలు ఉంటుందా?

బాబిలాన్ 5 అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో ఐఎస్ఎన్ అనే చానల్ ఉంటుంది. 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో దాని మీద దాడి జరుగుతుంది, ప్రసారం మధ్యలోనే తెగిపోతుంది. తర్వాతి సీజన్‌లో మళ్లీ మొదలవుతుంది, ఈసారి ప్రభుత్వం పాట పాడుతూ. ఆ ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లు ఇచ్చిన ఇంటర్వ్యూలను కత్తిరించి, అనని అర్థం వచ్చేలా అతికిస్తుంది. ఆగిపోయినప్పటి కంటే అలా తిరిగొచ్చినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

ముందు ఆ రాత్రి రన్‌డౌన్ మొత్తం కాగితం మీద రాసుకో, కథలోకి రాని వార్తలతో సహా. లీకేజీ వార్తను ఎవరు కొట్టేశారో, పెన్ను ఎవరిదో తేల్చుకో. ఆ సీను ఒక్కటీ తిరగరాసి నాకు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్న