టెక్ సందేహాలు: పుట నిండా షార్ప్ గుర్తులేనా?

ప్రశ్న: నల్లగొండలో పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. సరళీ వరుసలు, జంట వరుసలు వాయించి, ఆ మిడి ఫైలును మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్టాఫ్ నొటేషన్‌గా (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిగా) ప్రింటు తీసి ఇచ్చాను. పుట నిండా షార్ప్ (స్వరాన్ని అరమెట్టు పెంచేది), నేచురల్ (ఆ మార్పును రద్దు చేసేది) గుర్తులే ఉండటంతో పిల్లలు తడబడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మిడి ఫైలు ఏ మీట నొక్కారో సంఖ్యగా నమోదు చేస్తుందే తప్ప స్వరం పేరును నమోదు చేయదు. మధ్య సి 60 అయితే దాని పక్కనున్న నల్ల మీట 61. అది సి షార్పా, డి ఫ్లాటా (ఫ్లాట్ అంటే అరమెట్టు తగ్గించే గుర్తు) అన్నది ఫైలులో ఉండదు కనుక సాఫ్ట్‌వేర్ తనకు తోచింది రాసేస్తుంది. మీ వరుసలు మాయామాళవగౌళ రాగంలోనివి కాబట్టి, సి షడ్జమమైతే శుద్ధ రిషభాన్ని డి ఫ్లాట్‌గా, శుద్ధ ధైవతాన్ని ఏ ఫ్లాట్‌గా రాయాలి. రిషభాన్ని సి షార్ప్ అని రాసినందువల్ల స, రి రెండూ ఒకే గీత మీదికి చేరాయి. అవరోహణలో ‘రిరి సస’ వచ్చినచోట ఒకే ఎత్తులో నాలుగు చుక్కలు, రి ముందు షార్ప్, స ముందు దాన్ని రద్దు చేసే నేచురల్ కనిపిస్తాయి. పెద్దలైనా అక్కడ తడబడతారు.

మ్యూజ్‌స్కోర్‌లో ఆ స్వరాలను ఎంచుకుని కంప్యూటర్ కీబోర్డులో ‘జె’ మీట నొక్కితే ధ్వని మారకుండా పేరు మాత్రమే మారుతుంది. పేర్లన్నీ ఒకేసారి సరిదిద్దే ఆదేశం కూడా ఉంది కానీ, దానికి రాగం తెలియదు కాబట్టి దాని ఫలితాన్ని సరిచూడకుండా ప్రింటు తీయవద్దు. రెండే ఫ్లాట్‌లతో సొంత కీ సిగ్నేచర్ (వరుస మొదట్లో ఒకేసారి వేసే గుర్తులు) తయారు చేసుకునే వీలున్నా నేను సిఫారసు చేయను. రెండు ఫ్లాట్‌లు కనబడగానే అలవాటుపడిన కళ్లు వాటిని బి, ఇ ఫ్లాట్‌లనే అనుకుంటాయి.

షార్ప్, ఫ్లాట్ వంటి గుర్తు ప్రభావం ఆ బారు (రెండు నిలువు గీతల మధ్య భాగం) వరకే, అదీ ఆ స్థాయిలోని స్వరానికే వర్తిస్తుంది. బారు గీత దాటితే టై (అదే స్వరాన్ని కొనసాగించే వంపు గీత) కట్టిన స్వరానికి తప్ప మరి దేనికీ వర్తించదు. నియమం ఇంతే అయినా, వాయించేవారికి అనుమానం రాగల చోట, ముఖ్యంగా పై స్థాయిలో అదే స్వరం మారి వచ్చినప్పుడు, గుర్తును మళ్లీ వేయడం మర్యాద. స్వరాన్ని ఎంచుకుని పాలెట్‌లోని గుర్తును నొక్కితే అవసరం లేకపోయినా అది కనిపిస్తుంది. ప్రాపర్టీస్‌లో దానికి కుండలీకరణాలు తగిలించవచ్చు. అయితే ప్రతి స్వరానికీ ఇలా చేస్తే అసలు గుర్తులు కొసరు గుర్తుల్లో కలిసిపోతాయి.

ప్రశ్న: మిర్యాలగూడలో పెళ్లి బ్యాండులో బి ఫ్లాట్ క్లారినెట్ వాయిస్తాను. ఇదే రాగంలో నాకిచ్చిన పార్టులో షార్ప్‌లు, ఫ్లాట్‌లు కలిసి ఉన్నాయి. తప్పు పడిందా?

జవాబు: లేదు. మీ వాద్యానికి ప్రతి స్వరాన్నీ ఒక పూర్తి మెట్టు పైకి రాయాలి కనుక సి షడ్జమం డి అవుతుంది. ఆ లెక్కన డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఏ, బి ఫ్లాట్, సి షార్ప్ వస్తాయి. ఏడు స్వరాలకు ఏడు అక్షరాలు సరిపోయాయి కాబట్టి, చూపుకు ఒకే తీరుగా ఉండాలని ఇ ఫ్లాట్‌ను డి షార్ప్‌గా మార్పించుకోవద్దు. పార్టు రాసిచ్చినవారిని అడగదలచుకుంటే, గుర్తులు ముందు స్వరానికి అతుక్కున్న బార్లను కొంచెం వెడల్పు చేయమనండి. మ్యూజ్‌స్కోర్‌లో బారును ఎంచుకుని కంప్యూటర్ కీబోర్డులో కుడివైపు మీసాల బ్రాకెట్ (}) మీట నొక్కితే అది విస్తరిస్తుంది.